గోదాలు మూతపడ్డా... రికార్డులు చెరగలేదు

అమెరికాలో కుస్తీకి కాలేజీలే తాలింఖానాలు. ఆ దేశం తరఫున ఒలింపిక్స్‌కు వెళ్లే వస్తాదుల్లో చాలామంది అక్కడ పట్లు నేర్చినవాళ్లే. అయినా గత యాభై ఏళ్లలో పేరున్న విశ్వవిద్యాలయాలెన్నో కుస్తీ జట్లను ఎత్తేశాయి. టికెట్ల మీద డబ్బు తెచ్చేది అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్. 1972లో వచ్చిన టైటిల్-9 చట్టం ప్రకారం ఆడపిల్లలకూ ఆటల్లో సమాన అవకాశం ఇవ్వాలి. ఆ లెక్క సరిపెట్టడానికి చాలా కాలేజీలు ఫుట్‌బాల్ జోలికి పోకుండా కుస్తీలాంటి ఆటల ఖర్చుకు కోత పెట్టాయి. జట్టు ఓడిపోతుంటే మూసేశారేమో అనుకుంటాం. కింది వాళ్ల సంగతి చూస్తే అలా అనిపించదు.

కప్పు గెలిచిన రోజే...

2011 మార్చి 12. ఒమాహాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం కాలేజీ పోటీల రెండో అంచె అయిన డివిజన్-2లో జాతీయ టైటిల్ గెలిచింది. వరసగా మూడోది, మొత్తం మీద ఏడోది. సంబరాలు సద్దుమణగక ముందే కోచ్ మైక్ డెన్నీకి కబురొచ్చింది: డివిజన్-1కు మారుతున్నాం, కుస్తీనీ ఫుట్‌బాల్‌నూ తీసేస్తున్నాం అని. అక్కడ మూడు దశాబ్దాలకు పైగా కోచ్‌గా ఉన్న డెన్నీ సెయింట్ లూయిస్ దగ్గర మేరీవిల్ విశ్వవిద్యాలయంలో కొత్త జట్టు కట్టారు. శిష్యుల్లో కొందరు ఆయన వెంటే నడిచారు. ఇదే ఒమాహా జట్టు 1970లో ఎన్ఏఐఏ అనే కాలేజీ క్రీడల సంఘం జాతీయ టైటిల్ గెలిచినప్పుడు కోచ్ డాన్ బెనింగ్. తెల్లవాళ్లే ఎక్కువగా చదివే విశ్వవిద్యాలయానికి జాతీయ టైటిల్ తెచ్చిపెట్టిన తొలి నల్లజాతి ప్రధాన కోచ్ ఆయనే.

181 విజయాలకు అడ్డుకట్ట

హైస్కూలు, కాలేజీ కలిపి వరసగా 181 కుస్తీలు గెలిచాడు అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం వస్తాదు డాన్ గేబుల్. కాలేజీలో అతడి చివరి పోరు 1970 ఎన్‌సీఏఏ (జాతీయ కాలేజీ క్రీడల సంఘం) ఫైనల్. 142 పౌండ్ల విభాగం. ఎదురుగా వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కుర్రాడు లారీ ఓవింగ్స్. గేబుల్‌తో తలపడాలనే బరువు తగ్గించుకుని మరీ ఆ విభాగంలోకి దిగాడు. పోరు ముగియడానికి కొద్ది క్షణాల ముందు ఓవింగ్స్ గేబుల్‌ను పడగొట్టి, వీపు నేలవైపు తిప్పేశాడు. స్కోరు 13-11. రెండేళ్లకు మ్యూనిక్ ఒలింపిక్స్‌లో గేబుల్ ఒక్క పాయింటూ ఇవ్వకుండా స్వర్ణం గెలిచాడు. ఓవింగ్స్‌కు మళ్లీ ఎన్‌సీఏఏ టైటిల్ దక్కలేదు. వాషింగ్టన్‌లో ఇప్పుడు ఆ జట్టే లేదు.

ఇక ఎవరూ దాటలేరు!

ప్రత్యర్థి రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనించి చిత్ చేస్తే పాయింట్ల లెక్క ఉండదు, కుస్తీ అక్కడికక్కడే అయిపోతుంది. సిరక్యూస్ విశ్వవిద్యాలయం వస్తాదు జీన్ మిల్స్ కాలేజీ రోజుల్లో 107 మందిని అలా చిత్ చేశాడు. 118 పౌండ్ల బక్కపలచని మనిషికి ‘పిన్నింగ్ మెషిన్’ అని పేరొచ్చింది. 1979, 1981లో జాతీయ ఛాంపియన్. మధ్యలో 1980 ఒలింపిక్ జట్టుకు ఎంపికయ్యాడు కానీ అమెరికా మాస్కో క్రీడలనే బహిష్కరించింది.

అదే కాలేజీ హెవీవెయిట్ జిమ్ నాన్స్ 1963, 1965లో కుస్తీ ఛాంపియన్. ఆ తర్వాత ఫుట్‌బాల్‌లో బోస్టన్ పేట్రియాట్స్ జట్టు ఫుల్‌బ్యాక్‌గా 1966లో 1,458 గజాలు పరుగెత్తి ఏఎఫ్ఎల్ లీగ్ రికార్డు నెలకొల్పాడు. ఆ లీగ్ 1970లో ఎన్ఎఫ్ఎల్‌లో కలిసిపోయింది, సిరక్యూస్ కుస్తీ జట్టు 2001లో ముగిసింది. సిరక్యూస్ తరఫున మిల్స్ లెక్కనూ నాన్స్ లీగ్ రికార్డునూ దాటే అవకాశం ఇక ఎవరికీ లేదు.

ఇద్దరు ఛాంపియన్లు, రెండు జెండాలు

క్లెమ్సన్ విశ్వవిద్యాలయం నుంచి 1980లో 190 పౌండ్ల టైటిల్ గెలిచిన నోయెల్ లోబన్ 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున కాంస్యం అందుకున్నాడు. తర్వాతి తరంలో శామీ హెన్సన్ 1993, 1994లో వరసగా రెండు టైటిళ్లు తెచ్చాడు. ఆ మరుసటి ఏడాదే క్లెమ్సన్ కుస్తీకి స్వస్తి చెప్పింది. హెన్సన్ మాత్రం 1998లో టెహ్రాన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ఫైనల్లో అజర్‌బైజాన్ వస్తాదు నమిగ్ అబ్దుల్లాయెవ్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడి రజతంతో సరిపెట్టుకున్నాడు.

జట్టు పోయింది, స్వర్ణం వచ్చింది

లూసియానా స్టేట్ 1985లో కుస్తీని ఎత్తేసేసరికి కెవిన్ జాక్సన్‌కు ఇంకో సీజన్ ఆడే అర్హత మిగిలుంది. అయోవా స్టేట్‌లో చేరాడు. ఆ జట్టు 1987లో జాతీయ టైటిల్ కొట్టింది. జాక్సన్ 1991, 1995లో ప్రపంచ ఛాంపియన్, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 82 కిలోల స్వర్ణ విజేత.

తొలి ఫ్రీస్టైల్ కిరీటం

పోర్ట్‌లాండ్ స్టేట్‌కు చెందిన రిక్ శాండర్స్ 1969లో అర్జెంటీనాలో 52 కిలోల ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఫ్రీస్టైల్‌లో అమెరికాకు ప్రపంచ టైటిల్ దక్కింది ఆ పోటీల్లోనే మొదటిసారి. 1968, 1972 ఒలింపిక్స్‌లో రెండు రజతాలూ గెలిచాడు. మ్యూనిక్ క్రీడలు ముగిసిన కొద్ది వారాలకే యుగొస్లావియాలో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి వయసు 27. పోర్ట్‌లాండ్ స్టేట్ 2009లో కుస్తీని ఎత్తేసింది.

రెండుసార్లు మూసిన తలుపు

ఫ్రెస్నో స్టేట్ వస్తాదు స్టీఫెన్ అబాస్ 1999, 2001, 2002లో ఎన్‌సీఏఏ ఛాంపియన్. 2004 ఏథెన్స్‌లో 55 కిలోల రజతం అతడిదే. ఆ పతకం వచ్చిన రెండేళ్లకు కాలేజీ జట్టును రద్దు చేసింది. 2017లో మళ్లీ మొదలుపెట్టి 2021లో మళ్లీ మూసేసింది. 2017లో చేరిన కుర్రాడు నాలుగేళ్ల డిగ్రీ పట్టా పుచ్చుకునే సరికి జట్టుకు కూడా నాలుగేళ్లే నిండాయి.