లుడ్విగ్ ఫాన్ డెర్ టాన్

లుడ్విగ్ ఫాన్ డెర్ టాన్ (జూన్ 18, 1815 - ఏప్రిల్ 26, 1881) బవేరియా రాజ్యానికి చెందిన ప్రముఖ సేనాధిపతి. 1870-71లో జరిగిన ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధములో మొదటి బవేరియా సైనిక కోర్‌కు నాయకత్వము వహించాడు.

తొలి జీవితము

ఇతడు జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరములో జన్మించాడు. 1833లో బవేరియా ఫిరంగి దళములో చేరాడు. 1844లో యువరాజు మాక్సిమిలియన్‌కు అంగరక్షకాధికారి అయ్యాడు. 1848లో డెన్మార్కుపై ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ ప్రజలు తిరుగుబాటు చేసినపుడు, స్వచ్ఛంద సైనికుల దళానికి నాయకుడై హోప్‌ట్రుప్ వద్ద విజయము సాధించి పేరు పొందాడు. 1850లో ఇడ్‌స్టెట్ యుద్ధములో ఓడిపోయిన ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ సైన్యానికి ప్రధాన స్టాఫ్ అధికారిగా ఉన్నాడు.

1866 యుద్ధము

ఆస్ట్రియా-ప్రష్యా యుద్ధములో బవేరియా ఆస్ట్రియా పక్షము వహించింది. బవేరియా సేనాపతి యువరాజు కార్ల్‌కు టాన్ ప్రధాన స్టాఫ్ అధికారి. జూలై 10న కిస్సింగెన్ వద్ద బవేరియా సేన ఓడింది. ఈ పరాజయానికి టాన్ తీవ్ర విమర్శలకు గురి అయ్యాడు. అయినను 1869లో మొదటి కోర్ ఆధిపత్యము ఇతనికి లభించింది.

ఫ్రాన్స్‌తో యుద్ధము

నాలుగేళ్ళ క్రితము శత్రువైన ప్రష్యాకు 1870లో బవేరియా మిత్రపక్షమైంది. టాన్ సేన ప్రష్యా యువరాజు నేతృత్వములోని మూడవ సైన్యములో భాగముగా వర్త్, సెడాన్ యుద్ధములలో పాల్గొన్నది. సెప్టెంబరు 1న సెడాన్ సమీపములోని బజేయ్ గ్రామములో ఇంటింటా పోరు జరిగింది. గ్రామము తగలబడి, పౌరులు కూడా మరణించారు. ఈ సంఘటన వలన బవేరియా సైనికులపై ఫ్రాన్సులో తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి.

అక్టోబరు 11న టాన్ ఓర్లియాన్స్ నగరాన్ని స్వాధీనము చేసుకున్నాడు. అయితే ఫ్రెంచి ప్రభుత్వము త్వరితగతిన కొత్త సైన్యాన్ని సమీకరించింది. నవంబరు 9న కూల్మియే వద్ద సుమారు 20,000 మంది బవేరియా సైనికులు తమకు మూడు రెట్లకు పైగా ఉన్న ఫ్రెంచి సైన్యాన్ని ఎదుర్కొన్నారు. చుట్టుముట్టబడే ప్రమాదమును గ్రహించిన టాన్ ఓర్లియాన్స్‌ను వదలి వెనుదిరిగాడు. ఆ యుద్ధములో ఫ్రెంచివారికి దక్కిన కొద్ది విజయాలలో ఇది ఒకటి. నగరము చేజారినా, అతని సేన మాత్రము నాశనము కాకుండా మిగిలింది. అదే సేన డిసెంబరు 2న ల్వాన్యీ యుద్ధములో పోరాడింది. అదే నెల 4న ఓర్లియాన్స్ తిరిగి జర్మనుల వశమైంది.

పురస్కారాలు, మరణము

ఇతనికి బవేరియా మాక్స్ జోసెఫ్ సైనిక పతకపు గ్రాండ్ క్రాస్, ప్రష్యా వారి పూర్ ల మెరీత్, మొదటి తరగతి ఐరన్ క్రాస్ లభించాయి. మరణించేవరకు మొదటి కోర్ అధిపతిగానే కొనసాగి, 1881లో మెరాన్ పట్టణములో మరణించాడు.

1909లో జలప్రవేశము చేసిన జర్మన్ యుద్ధనౌకకు ఇతని పేరు పెట్టారు. ఈ నౌక 1916 నాటి జట్లాండ్ యుద్ధములో బ్రిటిష్ నౌక ఇన్‌డిఫాటిగబుల్‌ను ముంచివేసింది.