రసం చాలా, పిప్పి కూడా కావాలా?

పోయిన జూలైలో అమ్మ మూడు నెలల వీసా మీద మా ఇంటికి వచ్చింది. బయల్దేరడానికి నెల ముందే పళ్ళు తీయించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకుంది. ఇంకా అలవాటు కాలేదు. యాపిల్ కొరకలేదు, క్యారెట్ నమలలేదు. పైగా పదేళ్ళ నుంచి షుగర్. పచ్చివి ఏవీ లోపలికి పోకపోతే ఎలా అని కంగారుపడి, ఆవిడ విమానం దిగకముందే ఒక జ్యూసర్ ఆర్డర్ పెట్టేశాను. "పళ్ళు లేనివాళ్ళకే పళ్ళరసం" అని అమ్మ నవ్వింది.

మొదటి రోజు నాలుగు యాపిల్స్, రెండు క్యారెట్లు వేస్తే పెద్ద గ్లాసుడు రసం వచ్చింది. పక్క డబ్బా నిండా పిప్పి. నేను దాన్ని బయో చెత్తలో వెయ్యబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది. "అసలు సరుకంతా ఇందులోనే ఉంటే పారేస్తావేమిటే?" ఆ పిప్పిలో గోధుమపిండి, వాము, ఉప్పు, పచ్చిమిరపకాయ కలిపి చపాతీలు చేసింది. పిల్లలు మారు మాట్లాడకుండా తిన్నారు. ఆ రోజు ఆ మాటని పొదుపు అనుకున్నాను. వైద్యం కూడా అందులోనే ఉందని తర్వాత తెలిసింది.

రెండు వారాలు తిరిగేసరికి అమ్మ గ్లూకోమీటర్‌లో అంకెలు పెరిగాయి. ప్రయాణ బడలిక అనుకున్నాం, ఇక్కడి బ్రెడ్ అనుకున్నాం. చివరికి విజయవాడలో ఆవిడ డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన ఒకటే అడిగారు: "పండు తింటున్నారా, తాగుతున్నారా?"

తేడా అంతా అక్కడే ఉంది. జ్యూసర్ పండులోని పీచుని వేరు చేసి, నీళ్ళనీ చక్కెరనీ మనకిస్తుంది. నాలుగు యాపిల్స్ కూర్చుని తినమంటే ఎవరూ తినలేరు. రసం చేస్తే రెండు నిమిషాల్లో తాగేస్తారు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పళ్ళరసంలోని చక్కెరని టీలో వేసుకునే పంచదారతో ఒకే గాటన కడుతుంది, పండుగా తింటే మాత్రం ఆ లెక్కలోకి తీసుకోదు. ఇలాంటి చక్కెర రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదని 2015లో ఆ సంస్థ సూచించింది. అంటే 2000 కేలరీలు తినేవారికి 50 గ్రాములు. 200 మిల్లీలీటర్ల నారింజ రసంలోనే దాదాపు 17 గ్రాములు ఉంటుంది.

బ్లెండర్ అయితే పండుని పిప్పితో సహా మెత్తగా చేస్తుంది, పీచు మన గ్లాసులోనే ఉంటుంది. అలాగని అందులో వేసిందల్లా మంచిదే అనుకోవద్దు. మూడు అరటిపళ్ళు, నాలుగు ఖర్జూరాలు వేసి తిప్పితే వాటి చక్కెరంతా అందులోనే ఉంటుంది. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే ఎంత తాగాలో వాళ్ళ డాక్టరునే అడగండి.

ఇప్పుడు కొనుగోలు సంగతి. ఇక్కడి షాపుల్లో జ్యూసర్‌ని ఎంట్‌జాఫ్టర్ అంటారు. అందులో రెండు రకాలు. వేగంగా తిరిగే జాలీ మీద పండుని తురిమి రసం విసిరేది ఒకటి. ఇది చవక, త్వరగా పని అవుతుంది, చప్పుడెక్కువ. రెండోది చెరుకు గానుగలా నెమ్మదిగా నొక్కి పిండేది. పాలకూర, గోధుమగడ్డి లాంటి ఆకుల రసం దీనిలో బాగా దిగుతుంది, ధర మాత్రం ఎక్కువ. ఏది కొన్నా జాలీని వాడిన వెంటనే కడగాలి. ఎండిపోతే బ్రష్ పెట్టి తోమినా వదలదు. మీకు కావలసింది నారింజ, నిమ్మ, బత్తాయి రసమే అయితే ఈ రెండూ అక్కర్లేదు. త్సిట్రుస్‌ప్రెస్సె అని చిన్న పిండే యంత్రం దొరుకుతుంది, అది చాలు.

బ్లెండర్‌ని ష్టాండ్‌మిక్సర్ అంటారు. స్మూతీకి, సూపుకి, మిల్క్‌షేక్‌కి బాగుంటుంది. మనవాళ్ళు నిరాశపడేది పచ్చడి దగ్గర. పొడవాటి జగ్గులో గుప్పెడు కొబ్బరి, నాలుగు మిరపకాయలు వేస్తే అవి గోడలకి అతుక్కుంటాయి, బ్లేడు ఒట్టినే తిరుగుతుంది. నీళ్ళు పోస్తే పచ్చడి జావైపోతుంది. గట్టి మినప్పిండి వేస్తే మోటారు మూలుగుతుంది. మన మిక్సీ చిన్న జారులో బ్లేడు అడుగుకి దగ్గరగా ఉండటం ఈ పని కోసమే.

ఈ ఇబ్బంది ఈనాటిది కాదు. 1960ల్లో మాధురీ మాథుర్ అనే గృహిణి బొంబాయిలో వాడుతున్న జర్మన్ మిక్సర్ మన మసాలాలు రుబ్బలేక కాలిపోయింది. ఆవిడ భర్త సత్యప్రకాశ్ మాథుర్ సీమెన్స్‌లో ఇంజనీరు. మన వంటకి సరిపడే గట్టి మోటారుతో ఆయన తయారుచేసిందే సుమీత్ మిక్సీ. మన అమ్మలు ఏ కంపెనీ మిక్సీనైనా సుమీత్ అని పిలిచిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ జర్మన్ యంత్రాన్ని నాసిరకం అనలేం. దాన్ని మెత్తటి పళ్ళకీ కేకు పిండికీ చేశారు, పసుపు కొమ్ములకి కాదు.

కాబట్టి కొనేముందు యంత్రం కింద అతికించిన చీటీ చదవండి. వాట్ల పక్కన కేబీ అనే రెండక్షరాలు, ఒక అంకె ఉంటాయి. కుర్త్స్‌బెట్రీబ్ అనే మాటకి పొట్టి రూపం అది. కేబీ 1 నిమిషం అని ఉంటే, నిమిషం తిప్పి చల్లారనివ్వాలని అర్థం. ఇడ్లీపిండికి అది చాలదు.

ఇండియా నుంచి మిక్సీ తెచ్చుకోవచ్చా అంటే, తెచ్చుకోవచ్చు. ఇక్కడా అక్కడా కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లే. అమెరికాలో వాళ్ళకున్న తిప్పలు మనకి లేవు. ప్లగ్గు మాత్రం మారుతుంది. మూడు పిన్నుల ప్లగ్గుకి ఎర్త్ కలిసే షూకో అడాప్టర్ వాడండి, రెండు పిన్నుల చవక అడాప్టర్ వద్దు. అక్కడి వారంటీ సాధారణంగా ఇక్కడ పనికిరాదని గుర్తుంచుకోండి. ఇక్కడ కొత్తది కొంటే అమ్మినవాళ్ళు రెండేళ్ళ వరకు లోపాలకి బాధ్యత వహించాలి. ఆన్‌లైన్‌లో కొన్నది 14 రోజుల్లోపు వద్దనవచ్చు. కానీ షాపులో చూసినంతవరకే చూడాలి, వాడేస్తే విలువ తగ్గినంత మేరకు డబ్బు కోసుకోవచ్చు. నా విషయంలో జరిగింది అదే. వాడినదానికి కోతపోగా సగానికి కొంచెం ఎక్కువ తిరిగొచ్చింది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే హౌస్‌ఓర్డ్‌నుంగ్ కాగితం కూడా ఒకసారి చూసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలి. చాలా ఇళ్ళలో మధ్యాహ్నం కూడా ఉంటుంది. ఆదివారం దోసెల పిండి శనివారమే రుబ్బేసుకుంటే కింది ఇంటివాళ్ళతో మాట పడక్కర్లేదు.

పాతది పాడైపోతే మామూలు చెత్తబుట్టలో వెయ్యకూడదు. 25 సెంటీమీటర్లు మించని చిన్న యంత్రాల్ని పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపులు, 2022 జూలై నుంచి పెద్ద సూపర్ మార్కెట్లు కూడా ఉచితంగా తీసుకుంటాయి. అంతకంటే పెద్దవి ఊరి వెర్ట్‌ష్టోఫ్‌హోఫ్‌లో ఇవ్వొచ్చు.

మా ఇంట్లో జ్యూసర్ పోయి, 30 యూరోల ష్టాబ్‌మిక్సర్ వచ్చింది. గిన్నెలోనే పెట్టి తిప్పే ఈ కర్ర మిక్సర్‌తో అమ్మ రోజూ అర యాపిల్, గుప్పెడు పాలకూర, గ్లాసుడు మజ్జిగ కలిపి తాగింది. పప్పు మెదపడానికీ అదే. అంకెలు మెల్లగా దిగాయి.

సెప్టెంబరు చివర్లో వాకింగ్‌కి వెళ్తే, దారి పక్క ఒక యాపిల్ చెట్టుకి పసుపు రిబ్బన్ కట్టి ఉంది. ఎవరైనా కోసుకోవచ్చని దానర్థం, ఇక్కడ చాలా ఊళ్ళలో ఇలా కడతారు. అమ్మ రెండు కాయలు కోసి, ఇంటికొచ్చి సన్నటి ముక్కలు తరుక్కుని, ఒక్కొక్కటే నిదానంగా నమిలి తినేసింది. "ఈ పళ్ళు కుదిరినట్టే ఉన్నాయే" అంది. నోట్లోవా, చేతిలోవా అని నేను అడగలేదు.