పాత బ్రిటిష్ కార్లలో డైనమో స్థానంలో ఆల్టర్నేటర్

విద్యుత్ జనరేటర్ సూత్రం మీకు తెలిసినదే. ఒక యంత్రంలో ఒక్క భాగాన్ని మారిస్తే దాని చుట్టూ ఉన్న వలయంలో ఏయే మార్పులు అవసరమవుతాయో ఈ భాగంలో తెలుసుకుందాం.

1962లో బ్రిటన్‌లో విడుదలైన ఎంజీబీ కారును ఉదాహరణగా తీసుకోండి. తొలి నమూనాల్లో లూకాస్ సీ40 డైనమో ఉండేది. అది ఇవ్వగల గరిష్ఠ ప్రవాహం సుమారు 22 ఆంపియర్లు. 1967 చివరలో వచ్చిన మార్క్ 2 నమూనాలో దాని స్థానంలో ఆల్టర్నేటర్‌ను అమర్చారు. పాత నమూనాలను నేటికీ నడుపుతున్న యజమానులు చాలామంది ఈ మార్పునే చేయించుకుంటున్నారు.

డైనమో ఎందుకు చాలదు?

వర్షం కురిసే చలి రాత్రిని ఊహించండి. హెడ్‌లైట్లకు 120, చిన్న దీపాలకు 24, ఇగ్నిషన్‌కు 36, వైపర్లకు 36, హీటర్ ఫ్యాన్‌కు 48 వాట్ల చొప్పున లెక్క వేద్దాం. మొత్తం 264 వాట్లు. దీన్ని 12 వోల్టులతో భాగిస్తే 22 ఆంపియర్లు వస్తాయి. అంటే డైనమో పూర్తి వేగంతో తిరిగినా బ్యాటరీని ఛార్జ్ చేయడానికి ఏమీ మిగలదు. కారు ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు భారమంతా బ్యాటరీ మీదే పడుతుంది.

నిర్మాణంలో తేడా

డైనమోలో అయస్కాంత క్షేత్రం స్థిరంగా ఉంటుంది, విద్యుత్తు పుట్టే తీగచుట్టలు తిరుగుతాయి. అందువల్ల ఉత్పత్తి అయిన ప్రవాహమంతా కమ్యుటేటర్, బ్రష్‌ల గుండానే బయటికి రావాలి. వేగం మితిమీరితే అపకేంద్ర బలం వల్ల తీగచుట్టలు చెదిరిపోతాయి. ఆల్టర్నేటర్‌లో ఇది తలకిందులు. అక్కడ తిరిగేది క్షేత్రపు తీగచుట్ట. స్లిప్ రింగుల గుండా వెళ్లేది కొద్దిపాటి క్షేత్ర ప్రవాహం మాత్రమే. స్థిరంగా ఉన్న చుట్టల్లో పుట్టిన మూడు దశల ఏకాంతర ప్రవాహాన్ని 6 డయోడ్లు ఏకముఖ ప్రవాహంగా మారుస్తాయి. ఇది ఎక్కువ వేగాన్ని తట్టుకోగలదు. కాబట్టి చిన్న పుల్లీ బిగించి, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నా ఛార్జింగ్ సాగేలా చేయవచ్చు.

మార్పిడిలో గమనించవలసినవి

1. ధ్రువత: తొలి ఎంజీబీలో బ్యాటరీ ధన ధ్రువాన్ని కారు బాడీకి కలిపేవారు. లూకాస్ ఏసీఆర్ రకం ఆల్టర్నేటర్లకు రుణ ధ్రువమే బాడీకి కలపాలి. తారుమారైతే డయోడ్లు క్షణాల్లో కాలిపోతాయి. ఇగ్నిషన్ కాయిల్ తీగలను కూడా అటుదిటు మార్చాలి. స్టార్టర్‌ను మార్చనవసరం లేదు. దాని క్షేత్రంలోనూ ఆర్మేచర్‌లోనూ ప్రవాహ దిశ ఒకేసారి మారుతుంది కనుక తిరిగే దిశ మారదు.

2. రెగ్యులేటర్: ఏసీఆర్ రకంలో అది లోపలే ఉంటుంది. పాత కంట్రోల్ బాక్సును వలయం నుండి తప్పించాలి.

3. హెచ్చరిక దీపం: డైనమో తనలో మిగిలిన అయస్కాంతత్వంతో పని మొదలుపెడుతుంది. ఆల్టర్నేటర్‌కు తొలి క్షేత్ర ప్రవాహం ఈ దీపం ద్వారానే అందుతుంది. బల్బు మాడిపోతే ఛార్జింగ్ మొదలు కాకపోవచ్చు.

4. ప్రధాన తీగ: అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. తీగలో పుట్టే ఉష్ణం ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 22 ఆంపియర్లకు సరిపోయే తీగలో 44 ఆంపియర్లు ప్రవహిస్తే ఉష్ణం 4 రెట్లవుతుంది. బాగా డిస్‌ఛార్జ్ అయిన బ్యాటరీ ఎక్కువ ప్రవాహాన్ని లాగుతుంది. ఈ కార్లలో ప్రధాన గోధుమరంగు తీగలకు ఫ్యూజ్ ఉండదు. తీగ తొడుగు కరిగితే మంటలు రేగవచ్చు. కాబట్టి ఆల్టర్నేటర్ కొనే ముందే దాని సామర్థ్యానికి తగిన మందపు తీగను ఎంచుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక తీగ నిరోధం 0.02 ఓమ్‌లు. 22, 44 ఆంపియర్ల వద్ద అందులో ఉష్ణంగా మారే సామర్థ్యం ఎంత? మీ జవాబులు 9.68, 38.72 వాట్లతో సరిపోవాలి.