రిగొలెటోను తొలుత పాడిన కంఠము

పురుషకంఠములలో టెనర్‌కంటె దిగువది, బాస్‌కంటె ఎగువది అయిన దానిని పాశ్చాత్యులు బారిటోన్ అందురు. 19వ శతాబ్దమున ఇటలీ సంగీతనాటకములలో దానికి నాయకస్థానము నిచ్చినవారిలో వెర్డీ అగ్రగణ్యుడు. ఆ బరువును మోసినవాడు ఫెలీచె వరేసి.

వరేసి 1813లో ఫ్రాన్సులోని కలే పట్టణమున జన్మించి, 1834లో రంగమెక్కినాడు. 1847లో ఫ్లోరెన్సు నగరమున ‘మక్బెత్’ నాటకమునకు వెర్డీ ఆతనినే పట్టుబట్టి కోరినాడు. ఆతడు శ్రుతి తప్పునని ఎవరైన అన్నను చింత లేదట. పాత్ర చాలవరకు భాషణప్రాయమేనట! స్వరకర్తకంటె కవికే మిన్నగా సేవచేయుమని వరేసికి జాబు కూడ వ్రాసినాడు. సంగీతకర్త నోట ఇట్టి మాట మిక్కిలి అరుదు.

1851 మార్చి 11న వెనిస్‌లోని ఫెనీచె రంగశాలలో ఆతడు గూని విదూషకుడు రిగొలెటో అయినాడు. నవ్వించుట వృత్తి, కుమార్తెను దాచుకొనుట బ్రతుకు. ఆ రెంటి నడుమ నలిగిన తండ్రిని జనము మెచ్చినది.

రెండేండ్లకు అదే రంగశాలలో ‘లా ట్రావియాటా’ విఫలమైనది. అందు జెర్మాన్ పాత్ర తనకు తగినది కాదని వరేసి నొచ్చుకొన్నాడు. ఆ నొప్పిలో న్యాయము లేకపోలేదని మా తలంపు. ఉద్రేకమునకు అలవడిన కంఠమునకు ఆ సాఫైన దీర్ఘగీతిక ఒదుగదు. 1854లో కొలెట్టి పాడగా అదే పాత్ర రాణించినది.

వరేసి 1889లో మిలానులో మరణించినాడు. ఆతని కంఠము ఏ రికార్డునకును దొరకలేదు. శ్రోతలకు మేము వినిపింపజాలము. కాని హత్యానంతరము మక్బెత్ దంపతులు పాడు యుగళగీతమున వెర్డీ కోరిన గుసగుస మాత్రము మంచి రికార్డులలో నేటికిని వినవచ్చును.