పూవుల రంగులు: ఒక రసాయన శాస్త్రజ్ఞుని కృషి

శాస్త్రజ్ఞుని కృషికి కొలత యేది? ఆయన ప్రకటించిన వ్యాసముల సంఖ్యయా? లేక ఆ వ్యాసములు ఇతరుల పనికి ఆధారమగుటయా? నేడు ఒక వ్యాసమును తరువాతివారెన్నిమారులు పేర్కొనిరో లెక్కించి శాస్త్రజ్ఞులకు తరతమములు నిర్ణయించుచున్నారు. యువకుల ఉద్యోగములు సయితము ఈ లెక్కపై ఆధారపడుట గలదు. కావున దాని బలాబలములను తెలిసికొనుట అవసరము. వాల్తేరులో చిరకాలము పనిచేసిన ఆచార్య తిరువెంకట రాజేంద్ర శేషాద్రిగారి చరిత్ర యిందుకు తోడ్పడును.

శేషాద్రిగారు 1900 లో తిరుచిరాపల్లి మండలమందలి కుళిత్తలైలో జన్మించిరి. మదరాసులో చదివి, మాంచెస్టరునకేగి, రాబర్ట్ రాబిన్సన్ పండితునికడ పరిశోధన సలిపి 1929 లో డాక్టరు పట్టమందిరి. ఆ గురువునకే 1947 లో నోబెల్ బహుమానము లభించినది. 1933 లో శేషాద్రిగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరిరి. అప్పటికది క్రొత్త సంస్థ, పరికరములు స్వల్పము. ఆయన యెన్నుకొనిన వస్తువులు మన చేలలోనివే: పత్తిపూవులు, గోగుపూవులు.

ఈ పూవుల పసుపువన్నెకు కారణమైన పదార్థములు ఫ్లేవోనులను జాతికి చెందినవి. వీని అణువునందు 15 కర్బన పరమాణువులొక చట్టముగా అమరియుండును. ఆ చట్టముపై ఆమ్లజని యెన్ని చోట్ల, ఏయే చోట్ల నిలిచినదో దానినిబట్టి పదార్థము మారును. క్వెర్సిటిన్ అను దానిలో 15 కర్బన, 10 ఉదజని, 7 ఆమ్లజని పరమాణువులున్నవి. పత్తిపూవులోని గాసిపెటిన్‌లో కర్బనము, ఉదజని అంతే. ఆమ్లజని మాత్రము 8. భేదమొక్క పరమాణువే.

ఆ యొక్కదానిని కోరినచోట చేర్చుట సులభము కాదు. తక్కిన స్థానములు చెడిపోవును. అద్దకమువారు రంగు తగులరాని చోట మైనము పూయుదురు గదా! అట్లే శేషాద్రిగారును శిష్యులును తక్కిన స్థానములను మిథైల్ సముదాయములతో కప్పి, క్షారద్రవములో పర్‌సల్ఫేటును ప్రయోగించి, ఒక్క స్థానమున ఆమ్లజనిని నిలిపి, పిదప కప్పును తొలగించిరి. క్వెర్సిటిన్ గాసిపెటిన్ అయ్యెను. మొక్కయు ఇట్టి మార్గముననే ఒక వర్ణకమునుండి మరియొకదానిని చేసికొనుచుండునని వారు ఊహించిరి. ఒక పూవును గూర్చిన పని పెక్కు పూవులకు పనికివచ్చు పద్ధతి యైనది.

నేడు యంత్రముల సహాయమున స్వల్పకాలములో తేలు అణునిర్మాణమును ఆ దినములలో నెలలతరబడి విడగొట్టి, గుర్తించి, తిరిగి కూర్చి నిరూపింపవలసియుండెను. ఇంతలో యుద్ధము వచ్చి విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలవలసివచ్చినది. అయినను పరిశోధన సాగినది. పెక్కు వ్యాసములు రామన్‌గారు 1934 లో బెంగుళూరున స్థాపించిన విజ్ఞాన పరిషత్తు పత్రికలోనే వెలువడినవి. 1949 లో శేషాద్రిగారు ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వెడలిరి. 1960 లో లండను రాయల్ సొసైటీ వారిని సభ్యునిగా ఎన్నుకొన్నది. 1975 లో వారు పరమపదించిరి.

వారి వ్యాసములు వేయికి మించినవి. అందు ప్రతిదియు గొప్ప ఆవిష్కరణ మనరాదు. ఒకటి ఒక చెట్టు బెరడును గూర్చి, మరియొకటి ఒక పూవును గూర్చి చెప్పును. ఇటుకలవలె అవి విడివిడిగా చిన్నవే. పేర్చినచో గోడ లేచును. వారికడ డాక్టరు పట్టమందిన శిష్యులు నూరుగురికి పైబడిరి. వారు కళాశాలలకును పరిశోధనాలయములకును వెళ్లి తాము నేర్చినది మరికొందరికి నేర్పిరి. ఈ పరంపర ఉదాహరణముల పట్టికలో కానరాదు.

మరియొక విశేషము కలదు. ఒక సత్యము పాఠ్యగ్రంథములకెక్కి అందరి సొత్తైన పిమ్మట, దానిని మొదట కనుగొన్నవానిని పేర్కొనుట మానుదురు. పునాదిరాయి మేడను మోయును గాని కంటబడదు. కావున లెక్కలు నిరుపయోగములని కాదు. ఒక వ్యాసము ఎంత త్వరగా, ఎంత దూరము ప్రాకినదో అవి తెలుపును. అయితే లెక్క చూచిన వెనుక, ఆ వ్యాసమును విప్పి చదువుటయు, ఆ గురువు ఎవరెవరిని తయారుచేసెనో విచారించుటయు విధిగా చేయవలయును. ఈ రెండవ పని శ్రమతో కూడినది. ఒక యువకుని భవిష్యత్తును నిర్ణయించువారు ఆ శ్రమను తప్పించుకొనరాదు.