చింతయు, శరీరపు బరువును

దిగులుతో మనిషి చిక్కి శల్యమగునని మనవారి నానుడి. చితకును చింతకును సున్న యొక్కటియే భేదమని పెద్దలందురు. అట్లయినచో, ఇంటి బాధ్యతలతోను ఉద్యోగపు ఒత్తిడితోను రేయింబవళ్లు సతమతమగు పలువురు చిక్కుటకు మారుగా లావెక్కుచున్నారేల? ఒక పూట భోజనము మానియు బరువు తగ్గలేదని నొచ్చుకొనువారిని మనమెల్లరము ఎరుగుదుము. శరీరధర్మమును గ్రహించినచో ఈ వింత విడిపోవును.

త్రోవలో పాము కనబడినదనుకొందము. గుండె దడదడలాడును, నోరెండును, ఆకలి మాటయే గుర్తుండదు. మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. జీర్ణకోశమునకు పోవలసిన నెత్తురు కండరములకు మరలును. అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో వెలువరించిన గ్రంథమున ఇట్టి మార్పులను వివరించెను. పరీక్షనాటి ఉదయమున విద్యార్థికి అన్నము సయింపకుండుట కిదియే ముఖ్యకారణము.

పాము పొదలోనికి తొలగిపోవును. అప్పు తొలగదు, పై అధికారి కోపము తొలగదు, మంచమెక్కిన తల్లిని గూర్చిన బెంగ తొలగదు. చలి, గాయము, అధికశ్రమ మున్నగు వేరువేరు కష్టములకు దేహమొకే తీరున స్పందించునని 1936లో హాన్స్ సెల్యే ఎలుకలపై పరిశోధించి ప్రకటించెను. ఇట్టి దీర్ఘచింతలో ప్రధానమైనది, ఆ గ్రంథులే వెలువరించు కార్టిసాల్ అను హార్మోను. వెచ్చించిన శక్తిని పూడ్చుకొమ్మని అది దేహమును పురికొల్పును. తీపిపైనను, నూనె వంటకములపైనను కోరిక పెంచును. పొట్టలోపల క్రొవ్వు చేరుటకు తోడ్పడును. పామును చూచి పరుగెత్తినవాడు శక్తిని ఖర్చుచేసెను. కుర్చీలో కూర్చుండి చింతించువాడు ఖర్చుచేయలేదు. పైగా దానిని పూడ్చుకొనుటకు తినుచున్నాడు. అందరును ఇట్లే యుండరు. బెంగతో తిండి తగ్గి చిక్కువారును గలరు.

చింత నిద్రనుగూడ హరించును. చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రకటించిన ప్రయోగమున, అధిక బరువుగల పదిమందికి మితాహారమిచ్చి, పదునాలుగు దినములు రాత్రికి 8.5 గంటలు, మరి పదునాలుగు దినములు 5.5 గంటలు మాత్రమే శయ్యపై నుండనిచ్చిరి. రెండు పర్యాయములును సగటున సుమారు 3 కిలోల బరువే తగ్గినది. కాని కరగిన క్రొవ్వు మొదటిసారి 1.4 కిలోలు, రెండవసారి 0.6 కిలో మాత్రమే! తక్కినది కండ మొదలగునవి. త్రాసు ఒకే అంకె చూపినను దేహమునకు కలిగిన నష్టము వేరు.

మరియొక చిక్కు గలదు. అదే సంవత్సరమున వెలువడిన మరియొక అమెరికా అధ్యయనమున, మూడు వారములు దినమునకు 1200 కేలరీలకు మించకుండ భుజించిన స్త్రీలలో కార్టిసాల్ హెచ్చినట్లు తేలినది. అనగా కఠినోపవాసమే ఒక క్రొత్త చింత. అందుపై ఇంటివారు “నీకు నోరు కట్టుకొనుట చేతగాదు” అని ఎత్తిపొడిచినచో, మందు పేరిట రోగమునే పెంచినట్లగును. మితము మీరి తిననిది చింత యొక్కటియే క్రొవ్వును సృష్టింపదు, నిజమే. కాని మితమును నిలుపుకొను బలమును హరించునది చింతయే. బరువు తగ్గనివారందరును నిగ్రహము లేనివారని తీర్మానించుట అన్యాయము.

కావున తగ్గగోరువారు పళ్లెమునకు ముందు పడకను సరిచేసికొనవలెను. నియమితవేళకు దీపమార్పి, చేతి ఫోనును ప్రక్కగదిలో నుంచి పరుండుట. వేళకు తృప్తిగా, మితముగా భుజించుట. సాయంకాలము కొంత దూరము నడచుట. మనసులోని బరువును ఆప్తులతో పంచుకొనుట — ఇవి వ్యయములేని చికిత్సలు.

కడపటి మాట యొకటి. ప్రయత్నింపకయే ఆరుమాసములనుండి ఏడాదిలోపల బరువులో నూటికి ఐదు వంతులు తగ్గినచో, “దిగులువలననే” యని సరిపెట్టుకొనరాదు. మధుమేహము, క్షయ, థైరాయిడ్ దోషము మున్నగునవి అట్లే పొడసూపవచ్చును. వెంటనే వైద్యుని దర్శింపవలెను. చింతపై నింద మోపి రోగమును దాచుటయు, మనిషిపై నింద మోపి చింతను దాచుటయు రెండును పొరపాటులే.