పాత వాల్వు రేడియోను విప్పుటకు ముందు

అటకమీదినుండి పాతరేడియోను దింపి, దుమ్ము తుడిచిన తోడనే గోడకు తగిలించి వినవలెనని యెవరికైనను తోచును. 1938 జూన్ 16న ఆరంభమైన మద్రాసు నిలయమును, 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ నిలయమును మన పెద్దలకు వినిపించినవి యిట్టి పెట్టెలే కదా! ఐనను, సోదరీమణులారా, ఆ ప్లగ్గును కొంతసేపు ఆవల నుంచుడు.

వాల్వులోని తీగను కాల్చుటకు తఱచుగా 6.3 వోల్టులు చాలును. దాని ప్లేటునకు మాత్రము 200 మొదలు 300 వోల్టులవఱకు కావలసియుండును. ఆ విద్యుత్తును నిలుకడపఱచుటకు ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు లుండును. ప్లగ్గు తీసిన తరువాతను నివురుగప్పిన నిప్పువలె వానిలో విద్యుత్తు నిలిచియుండవచ్చును. ఈ సంగతిని నేను పుస్తకమువలనగాక వ్రేలివలన నేర్చుకొంటిని. ప్లగ్గు నా యొడిలోనే యున్నది. ఐనను ఆ దెబ్బకు వెనుకకు విదిలించుకొన్న మోచేయి బల్లకు తగిలి వారముదినములు కమిలియుండెను.

కావున ప్లగ్గు తీసి కొన్ని నిమిషములు ఆగవలెను. పిమ్మట 10,000 ఓముల రెసిస్టరును, రబ్బరుతొడుగుగల క్లిప్పులతో, కండెన్సరు ధనధ్రువమునకును లోహపుపీఠమునకును నడుమ కొన్ని క్షణములుంచి, మీటరుతో చూచి, వోల్టులు లేవని తెలిసినపుడే చేయి పెట్టవలెను. ప్రతి పెద్దకండెన్సరునకు నిట్లే చేయవలెను. స్క్రూడ్రైవరుతో నిప్పురవ్వలు రాల్చుట పనివారి దురలవాటు, మనకు వలదు.

ఇంతకన్న అపాయకరమైనవి ఏ.సి., డి.సి. రెండింటితోను నడచు రేడియోలు. వీనిలో ట్రాన్స్ఫార్మరు లేనందున, ప్లగ్గు తగిలించిన తీరునుబట్టి లోహపుపీఠమునకే 230 వోల్టులు రావచ్చును. ఒక్క మీట ఊడిపోయినను చాలును, బయటపడిన యిరుసును పసిబిడ్డ పట్టుకొనును. ఇట్టివానిని అనుభవజ్ఞులకే విడువవలెను.

పాతగిలిన గుడ్డతీగను, ఎండిన ఎలక్ట్రోలిటిక్కులను, మైనపుకాగితపు కండెన్సరులను మార్చనిదే విద్యుత్తు నీయరాదు. క్రొత్తవానిని బిగించునపుడు ధనఋణములు తారుమారు కారాదు. తారుమారైనచో అవి పగులును. మొదటిసారి 60 వాట్ల తీగబల్బును వరుసలో కలిపి వెలిగింపుడు. ఎల్.ఇ.డి. బల్బు పనికిరాదు. బల్బు ఒక్కమాఱు మెఱసి మందగించినచో మంచిదే. తగ్గక వెలుగుచున్నచో లోపల దోషమున్నదని వెంటనే ఆపవలెను. ఈ బల్బు రేడియోను కాపాడునుగాని మన చేతిని కాపాడదు.

అన్నియు సరిగా నున్నను వాల్వులు వేడెక్కుటకు అరనిమిషము పట్టును. పలుకలేదని పెట్టెను తట్టకుడు.